రెండో ఫొటో

ఎండలో పని చేయడం నాకు నేర్పింది మా పిన్ని. ఆ పిన్నినే మూడేళ్ల కిందట మే నెలలో, నెత్తి మీది తడిగుడ్డ తీయించి మరీ ఎండలో నిలబెట్టాను. వడదెబ్బ అని ఊళ్లో అందరూ అన్నారు, నేనూ అన్నాను. అందులో నా తప్పు ఎంతో ఇన్నాళ్లూ ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, మెచ్చుకున్నవాళ్ల మెప్పు కూడా తలొంచుకుని పుచ్చుకున్నాను.

మాది చల్లపల్లికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఊరు. నా చిన్నప్పుడే అమ్మ పోతే, అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, తన కూతురితో పాటు నన్నూ సాకింది. పిన్నికి భర్త లేడు, పొలం లేదు. ఉన్నవి రెండు చేతులు, ఒక నోరు. ఆ నోటికి మా వీధి వీధంతా జడిసేది. ఆదివారం ప్రార్థనలో మాత్రం ముందు వరసలో కూచుని ఎంత మెత్తగా పాడేదంటే, నిన్న పాలవాడిని ఏడిపించింది ఈమేనా అనిపించేది.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో నన్ను మొదటిసారి దాళ్వా వరికోతలకి తీసుకెళ్లింది. అంతకుముందు నేను గట్ల మీద తిరగడమే గాని నడుం వంచి పని చేసినదాన్ని కాదు. తెల్లారకముందే లేపి పెద్ద గ్లాసుడు తరవాణి తాగించింది. గంజి పులిసిన ఆ నీళ్ల వాసనకి నేను మొహం తిప్పుకున్నాను. ముక్కు మూసుకుని తాగు, మధ్యాహ్నం నన్ను తలుచుకుంటావు అంది. పోయిన బాబాయివి ఫుల్ చేతుల చొక్కాలు రెండుంటే, ఒకటి తను చీర మీద తొడుక్కుని రెండోది నాకు తొడిగింది. దొడ్లో ఆముదం మొక్క నుంచి వెడల్పాటి ఆకు తుంచి నా మాడు మీద పెట్టి, దాని మీద తడిపిన తువ్వాలు చుట్టింది. అద్దంలో చూసుకుని నేను ఏడుపు మొహం పెడితే, నిన్ను చూడ్డానికి పెళ్లివాళ్లేం రావట్లేదు నడువు అంది.

చేలో అరగంటకోసారి నా దగ్గరికి వచ్చి, జ్వరం చూసినట్టు మెడ వెనక అరచెయ్యి ఆనించేది. మళ్లీ తన సాలులోకి వెళ్లిపోయేది. మూడో రోజు ఉండబట్టలేక ఏం చూస్తున్నావని అడిగాను.

"చెమట పోసినంతసేపూ భయం లేదే అమ్మాయ్. ఎండలో ఉండగా ఒళ్లు పొడిగా అయిపోయిందా, ఇంకెవరేమన్నా వినకు. కొడవలి అక్కడే పడేసి నీడకి పో. ఆసామి తిడితే నేను చూసుకుంటా."

ఆ మాట నా ఒంట్లో ఇంకిపోయింది. ఆ తర్వాత ఎన్ని ఎండల్లో పని చేసినా, నా చెయ్యి దానంతట అదే మెడ వెనక్కి వెళ్లేది. నాకు తెలియదని నేను అనలేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఇంటర్ తర్వాత నా చదువు సాగలేదు. పెళ్లయ్యాక కూడా అదే ఊళ్లో, పిన్ని ఇంటికి రెండిళ్ల అవతలే కాపురం. పిన్ని కూతురు, నాకు చెల్లెలు, విజయవాడలో బట్టల షాపులో పనికి కుదిరి అక్కడే హాస్టల్లో ఉంటోంది. పిన్నీ నేనూ ఏటా వేసవిలో ఉపాధి పనికి వెళ్లేవాళ్లం. ఏప్రిల్లో కాలువలకి నీళ్లు ఆపేస్తారు. ఎండిపోయిన పంట కాలువల్లో పూడిక, తూటికాడ, ప్లాస్టిక్ కవర్లు, ఎవరో పారేసిన చెప్పులు, అన్నీ పారలతో తవ్వి తట్టలతో గట్టుకి ఎత్తాలి. పైన ఎండ, కింద బురద ఆవిరి. ఒక గంటలో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది.

మూడేళ్ల కిందట మా గ్రూపుకి మేటు కావాల్సి వచ్చింది. మేటంటే పార పట్టక్కర్లేదు. గుంటలు కొలవాలి, ఎవరొచ్చారో చూసుకోవాలి, ఫోన్లో రెండుసార్లు అందరి ఫొటో తీసి పంపాలి. మొదటి ఫొటో పొద్దున్న. అది పడ్డాక నాలుగు గంటలు గడిస్తే గాని రెండో ఫొటోకి యాప్ దారివ్వదు. రెండు ఫొటోల్లోనూ మనిషి ఉంటేనే ఆ రోజు పనికి వచ్చినట్టు. గ్రూపులో ఇరవై రెండు మందిమి. నలుగురి మధ్యలో లేచి నిలబడి, మా అమ్మాయి ఇంటర్ చదివింది, ఫోను దానికివ్వండి అని అడిగింది పిన్నే. అక్కడితో ఆగలేదు. ఇకనుంచి దాని మాట అందరూ వినాలి, నేనూ వింటాను అని కూడా అంది.

నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఇది ఇప్పుడు వినయంగా చెప్పుకోవడం కాదు, నిజంగానే ఎక్కాయి. పువ్వుల గొడుగు ఒకటి కొన్నాను. పార వదిలేసిన పది రోజులకి అరచేతుల్లో కాయలు మెత్తబడితే రాత్రి దీపం కింద పెట్టుకుని చూసి మురిసిపోయాను. అప్పటిదాకా నన్ను ఏమే, ఒసే అన్నవాళ్లు అమ్మాయ్ గారూ అని ఆటపట్టిస్తుంటే, అందులోని ఎగతాళి నాకు తెలియక కాదు, గారు అన్న ముక్క మాత్రం తీసుకుని మిగతాది వదిలేశాను.

ఆ ఏడు మా పనికాడ నీడ కోసం ఆకుపచ్చ వల ఒకటి ఇచ్చారు. నాలుగు కర్రలు పాతి కడితే పదిమంది కూచోగల నీడ. పక్కనే నీళ్ల డ్రమ్ము. నీళ్లు నిండుగా ఉండేవి, ఎవరూ తాగేవాళ్లు కాదు. కారణం ఆడవాళ్లందరికీ తెలుసు. కాలువ గట్టు పక్కనే రోడ్డు, బళ్లు పోతూనే ఉంటాయి. కనుచూపు మేరలో ఒక్క సర్కారు తుమ్మ చెట్టు, నాలుగు పొదలు. నీళ్లు తాగితే ఎక్కడికి వెళ్లాలి? అందుకని పొద్దున్న ఇంటి దగ్గర ఒక గుక్క తాగి, మళ్లీ ఇంటికి వెళ్లాకే నీళ్లు ముట్టేవాళ్లు. నేను కూలికి వెళ్లిన రోజుల్లో నేనూ అంతే.

మా గ్రూపులో నోరున్న ఆవిడ ఒకావిడ ఉంది. నోటి విషయంలో పిన్నికి ఆవిడే జోడీ. ఆవిడ ఒకరోజు నా దగ్గరికి వచ్చి, ఆ వల సగానికి కోసి తుమ్మ పొదల చుట్టూ కట్టిద్దాం, చాటు ఉంటే అందరం నీళ్లు తాగుతాం అని అడిగింది. మంచి మాట. నేను వద్దన్నాను. నీడకని ఇచ్చిన వల కోస్తే ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడు నేనేం చెప్పుకోవాలి అన్నాను. చెప్పుకోవడానికి ఎంతసేపు? ఒక్క నిమిషం. ఆ నిమిషానికి భయపడి ఇరవై మంది ఆడవాళ్లని దాహంతో ఉంచాను.

ఆవిడకి నా మీద అప్పట్నుంచీ మంటగా ఉంది. వారం తర్వాత పిన్ని కాసేపు నీడలో కూచుంటే, నేనేమీ అనలేదు. ఆవిడ పారకి ఆనుకుని, అందరికీ వినపడేలా అంది.

"వాళ్ల పిన్నికో రూలు, మనకో రూలు. బాగుందమ్మా."

నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజానికి అప్పటికే నలుగురైదుగురు అలా కూచుని లేచారు, అందరికీ అదే వెసులుబాటు. ఆ మాట ఆవిడతో అనేసి ఉంటే సరిపోయేది. అనలేదు. పిన్ని వైపు తిరిగి, లే పిన్నీ, నావల్ల మాటొస్తోంది అన్నాను. పిన్ని లేచి, కొంగు దులుపుకుని, గుంటలోకి దిగింది. ఆ రోజు నుంచి నేను న్యాయంగా ఉన్నానని చూపించుకోడానికి పిన్ని మీద రవ్వంత ఎక్కువ కఠినంగా ఉంటూ వచ్చాను. ఆమె తట్ట సగం నిండితే అడిగేదాన్ని. ఆమె గుంట లోతు రెండుసార్లు కొలిచేదాన్ని. ఆవిడ చూస్తోందా లేదా అని ఓరకంట గమనించేదాన్ని.

ఇక ఆ రోజు సంగతి. ముందు రోజు హనుమాన్ జంక్షన్లో మా ఆయన తరఫు చుట్టాల ఇంట్లో నిశ్చితార్థానికి వెళ్లి వచ్చి, పొద్దున్న మెలకువ రాలేదు. రోహిణి కార్తె ఎండలు. అందరూ చల్లవేళకి పని చేసుకుందామని అయిదున్నరకే దిగిపోయారు. నేను వెళ్లేసరికి ఏడు దాటింది. మొదటి ఫొటో పడేసరికి ఏడున్నర. అంటే రెండోది పదకొండున్నరకి గాని పడదు. రోజూ పదింపావు, పదిన్నరకి ఇళ్లకు పోయేవాళ్లు. నా నిద్ర వల్ల వాళ్లందరికీ ఒక గంట ఎండ ఎక్కువైంది. ఎవరూ గట్టిగా అనలేదు. సారీ అనడం నాకూ తోచలేదు. నెట్ రాలేదని చెప్పాను.

తొమ్మిదిన్నరకే గుంటలు అయిపోయాయి. ఇక ఫొటో కోసం కాచుకోవడమే పని. వల నీడలో పదిమంది ఇరుక్కుని కూచున్నారు, మిగతావాళ్లు తుమ్మ చెట్టు కింద, గట్టు వాలులో. పడమటి గాలి మొదలైంది. పొయ్యి ముందు కూచుని ఊదుగొట్టంతో ఊదితే మొహానికి కొట్టే సెగలాంటి గాలి. ఎండిన కాలువలో మట్టి పెళ్లలు చిట్లుతున్న చప్పుడు వినపడుతోంది. నేను గొడుగు కింద నిలబడి చెల్లెలు పంపిన వీడియోలు చూసుకుంటున్నాను.

పదకొండు కావస్తుండగా పిన్ని నా దగ్గరికి వచ్చింది. వల నీడలో కూచోలేదు ఆమె. వారం కిందటి మాట తర్వాత మళ్లీ ఎప్పుడూ కూచోలేదు. గట్టు మీద ఎండలోనే ఉందని నాకు తెలుసు. బాబాయి చొక్కా మీద చెమట ఆరి తెల్లటి ఉప్పు చారలు కట్టాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొహం ఎర్రగా, పొడిగా ఉంది. మామూలుగా వీధి అవతలికి వినపడే గొంతు ఆమెది. ఆ రోజు నా ఒక్కదానికే వినపడేలా అంది.

"నాకు చెమట పట్టట్లేదే."

నాకు వినపడింది. ప్రతి అక్షరం వినపడింది. అది ఏం మాటో, ఎవరి మాటో, అది విన్నాక ఏం చేయాలో అన్నీ తెలుసు. మూడడుగులు వేసి మెడ వెనక చెయ్యి పెడితే చాలు. పెట్టలేదు. ఆ నోరున్న ఆవిడ వల కింద నుంచి మా ఇద్దరినీ చూస్తోంది. పిన్నిని ఇంటికి పంపితే ఇప్పుడేమంటుందో నా చెవుల్లో ముందే మోగింది. ఇంకో అరగంట పిన్నీ, ఫొటో అవగానే వెళ్దువుగాని అన్నాను. ఆమె రోజు పోకూడదనే అన్నానని ఆ తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ క్షణంలో నేను ఆలోచించింది అది కాదు. నా గురించి ఆలోచించాను.

మా వీధిని గడగడలాడించిన మనిషి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లి గట్టు మీద కూచుంది. నేను గొడుగైనా ఇవ్వలేదు.

పదకొండున్నరకి అందరినీ వరసలో నిలబెట్టాను. యాప్‌లో తీసే ముందు మామూలు కెమెరాతో ఒకటి తీసుకుని తలలు లెక్కపెట్టుకోవడం నాకలవాటు. ఆ రోజూ తీశాను. నేను పోను ఇరవయ్యొక్క తలలు ఉన్నాయి. వెనక వరసలో ఎడమ నుంచి మూడో తల మాత్రం మొహం కనపడకుండా తువ్వాలు కప్పుకుని ఉంది. అంతకు నెల కిందట ఒకసారి మొహాలు సరిగ్గా కనపడని ఫొటో పంపినందుకు అందరి ముందూ చీవాట్లు తిన్నాను. అవి గుర్తొచ్చాయి.

"పిన్నీ, తువ్వాలు తీయ్. మొహం కనపడాలి."

తీసింది. దాని కింది ఆముదం ఆకు కూడా జారి కింద పడింది. నెరిసిన జుట్టు మీద నేరుగా ఎండ. యాప్ తిరుగుతూనే ఉంది, సిగ్నల్ లేదు. కదలొద్దు, కదలొద్దు అని కేకలేస్తూ ఫోన్ పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ నడిచాను. మూడోసారికి ఫొటో పడింది. పడిందని నేను చెయ్యెత్తేసరికి పిన్ని పక్కనున్న మనిషి భుజం మీదకి ఒరిగి, అక్కడి నుంచి నేల మీదకి జారిపోయింది.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు పరిగెత్తింది ఆ నోరున్న ఆవిడ. పిన్ని ఒంటి మీద చెయ్యి వేసి, నిప్పులా కాలిపోతోంది, ఒక్క బొట్టు చెమట లేదు అని అరిచింది. కర్రలు పెరికి ఆ ఆకుపచ్చ వలని లాగేసి, డ్రమ్ములో ముంచి, పిన్నికి మెడ నుంచి కాళ్ల దాకా చుట్టింది. ఎవరూ తాగని ఆ నీళ్లన్నీ కుండలతో ఆమె మీద పోశారు. పిన్ని ఏదేదో మాట్లాడుతోంది. బాబాయిని పిలిచింది. చెల్లెల్ని బడికి టైమైందని లేపింది. నన్ను చూసి ఎవరమ్మా మీరు అంది. ఇరవై ఏళ్లుగా నన్ను ఏమే, అమ్మాయ్ అని తప్ప పిలవని మనిషి నన్ను మీరు అంది. ఆవిడే రోడ్డు మీదకి ఉరికి ఆటో ఆపింది, ఆవిడే పిన్నిని వీపున వేసుకుని గట్టెక్కించింది. నేను వెనకాల చెప్పులు పట్టుకుని వెళ్లాను.

చల్లపల్లిలో చూసి విజయవాడ తీసుకెళ్లమన్నారు. అక్కడి పెద్దాసుపత్రి దగ్గరికి చెల్లెలు షాపు యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. డాక్టరుగారు నా వైపు తిరిగి, ఆమెకి చెమట ఎప్పటి నుంచి ఆగిపోయింది, ఆమె ఏమన్నా చెప్పిందా అని అడిగారు. చెల్లెలు నా మొహంలోకే చూస్తోంది.

తెలియదండీ, ఏమీ చెప్పలేదండీ, ఉన్నట్టుండి పడిపోయింది అన్నాను.

ఆయన రాసుకున్నారు. తడిబట్ట చుట్టి తేవడం మంచిదైంది, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేం అన్నారు. అది నేను చేసింది కాదని నేను అనలేదు. చెల్లెలు నన్ను పట్టుకుని భోరుమంది. నువ్వు లేకపోతే అమ్మ దక్కేది కాదక్కా అంది. ఆ అరగంట మాట నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. నేనిచ్చిన గడువు కూడా అరగంటే.

మూడో రోజు పిన్నికి తెలివొచ్చింది. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. మాట ముద్దగా వచ్చింది, రెండుసార్లు అడిగితే గాని నాకు అర్థం కాలేదు. ఫొటో పడిందా అని అడుగుతోంది. పడింది పిన్నీ అన్నాను. సరే అన్నట్టు కళ్లు మూసుకుంది. నేను బయటికి వెళ్లి మెట్ల మీద కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

పిన్ని బతికింది. ఇంటికి వచ్చింది. అయితే వెళ్లిన మనిషి రాలేదు. తల లోపల ఎండ దెబ్బ తగిలిన చోటు కోలుకోదన్నారు. నడిస్తే గోడ పట్టుకోవాలి. చేతులు వణుకుతాయి, గ్లాసు నిండా నీళ్లిస్తే సగం ఒంటి మీదే. అందుకని సగమే పోసి ఇస్తాను. మాట మెల్లగా, ఒక్కొక్కటిగా వస్తుంది. పాట అసలు రావడం లేదు. ఆదివారం తీసుకెళ్లి ముందు వరసలోనే కూచోబెడితే పెదవులు మాత్రం కదుపుతుంది. ఆ రోజుల్లో నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఊళ్లో నా పేరు మారుమోగిపోయింది. పిన్నికి స్నానం చేయిస్తాను, అన్నం తినిపిస్తాను, కన్నకూతురు కూడా ఇంత చేయదమ్మా అంటారు. ఒకామె ప్రార్థనలో లేచి నా గురించి సాక్ష్యం కూడా చెప్పింది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. నేను చేస్తున్నది సేవ కాదు, నేను విరగ్గొట్టినదాన్ని చేతుల్లో పట్టుకు తిరుగుతున్నాను. ఆ మాట బయటికి అనే ధైర్యం ఒక్కరోజూ రాలేదు. మేటు పని ఆ నెలాఖరుకే మానేశాను. ఎందుకని అడిగితే ఫోన్ పాడైందని చెప్పాను. అదీ అబద్ధమే.

మళ్లీ పార పట్టాను. కొత్త మేటు రాగానే ఆ నోరున్న ఆవిడ అడగకుండానే వల రెండు ముక్కలు చేసి, ఒకటి తుమ్మ పొదల చుట్టూ కట్టేసింది. ఎవరూ వచ్చి ఎందుకు కోశారని అడగలేదు. ఇప్పుడు డ్రమ్ము పదింటికల్లా ఖాళీ అయిపోతుంది. ఆవిడతో నేను ఇప్పటికీ సరిగ్గా మాట్లాడలేను. ఆవిడ నన్ను చూసినప్పుడల్లా, పిన్ని ఎలా ఉంది అని మెత్తగా అడుగుతుంది. ఆవిడ కసురుకుంటేనే బాగుండేది.

నా ఫోన్లో ఆ రోజు ఫొటో ఇంకా ఉంది. తువ్వాలు కప్పుకున్నది. తువ్వాలు లేనిది యాప్‌లోంచి పైకి వెళ్లిపోయింది. నా దగ్గరున్న దాంట్లో పిన్ని మొహం కనపడదు. అయినా చెరిపేయలేదు.

పోయిన మే నెల సంగతి ఇది. పదకొండు గంటలకి పని నుంచి వస్తున్నాను. పిన్ని అరుగు మీద కూచుని ఉంది. ఎండాకాలం పనికి వెళ్లే రోజుల్లో నేను ఇంటికి చేరేదాకా ఆమె లోపలికి పోదు. రాగానే దగ్గరికి రమ్మంటుంది, నేను వంగుతాను, వణికే చెయ్యి నా మెడ వెనక పెట్టి చూస్తుంది. చెయ్యి కుదురుగా ఆనదు, కొట్టుకుంటూ ఉంటుంది. రోజూ అంతే. రోజూ పళ్లు బిగబట్టి ఊరుకునేదాన్ని. ఆ రోజు వంగలేకపోయాను. పార గోడకి ఆనించి, ఆమె కాళ్ల దగ్గర కింద కూచున్నాను.

"ఆ రోజు చెమట పట్టట్లేదని నాతో చెప్పావు పిన్నీ. నాకు వినపడింది."

పిన్ని ఒక్కొక్క మాటే కూడదీసుకుంది. నేను నేల వైపే చూస్తున్నాను.

"వినపడిందని తెలుసు. నా మొహం చూశావు. తర్వాత ఆవిడ మొహం చూశావు. అందుకే మళ్లీ చెప్పలేదు."

రెండేళ్లుగా నేను కాపలా కాస్తున్నది ఆమెకి మొదటి నిమిషం నుంచీ తెలుసు. చెల్లెలి కృతజ్ఞతలు, ఊరివాళ్ల మెప్పు, ప్రార్థనలో చెప్పిన సాక్ష్యం, అన్నీ తెలిసే వింటూ కూచుంది. చెల్లెలికి చెప్పేస్తానన్నాను. నీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపింది. నోటితో చెప్పడానికి మరో ఏడాది చూశాను, రాలేదు. అందుకని ఇలా రాసి ముందు చెల్లెలికే ఇస్తున్నాను. చదివాక ఆమె మా గడప తొక్కకపోయినా నేను అనేదేమీ లేదు.

క్షమించమని నేను అడగలేదు. క్షమించానని పిన్నీ అనలేదు. అరుగు మీద ఎండ పాకుతూ వచ్చి ఆమె పాదాల మీద పడుతుంటే, లేచి ఆమెని గోడ వారకి జరిపాను. అలా జరుపుతుండగా నా మెడ ఆమెకి అందింది. ఆ చెయ్యి వచ్చి, వణుకుతూ, మెడ వెనక ఆనింది.

తడిగానే ఉంది, వెళ్లి నీళ్లు తాగు అంది.